జెండా కింద ఎవరున్నారు?
చారిత్రక కట్టడాల ఫోటోల మీద కొన్ని ప్రశ్నలు

ఈ సంచిక అట్ట మీద ఏ ఫోటో వెయ్యాలన్న దగ్గర మాలో మాకు తగువొచ్చింది. మిత్రులు తీసి పంపినవి, మేం స్వయంగా తీసినవి కలిపి నలభై దాకా ఫోటోలు బల్ల మీద పరిచాం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎగిరే పెద్ద జెండా, కొత్త సచివాలయం గుమ్మటాలు, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, చార్మినార్, గోల్కొండ. అన్నీ బాగున్నాయి. ఆకాశం నీలంగా ఉంది, గీతలు నిటారుగా ఉన్నాయి. అంతా అయ్యాక మాలో ఒకరు అడిగారు: "ఇన్ని ఫోటోల్లో ఒక్క మనిషి మొహమన్నా ఉందా?" వెతికాం. రెండింటిలో వీపులు కనపడ్డాయి. ఒకదాంట్లో చీపురు కట్ట కొస కనపడింది, దాన్ని పట్టుకున్న చెయ్యి ఫ్రేము బయటే ఉండిపోయింది.

దళిత అధ్యయనాల పేరుతో పత్రిక నడిపే మా బల్ల మీద కూడా ఇట్లాంటి ఫోటోలే ఎందుకు పోగుపడ్డాయి? ఈ వ్యాసం ఆ తగువులోంచి పుట్టింది. కాబట్టి ఇందులో విమర్శ ముందు మా మీదే.

జెండాని, పాత కట్టడాన్ని ఫోటో తియ్యడానికి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. కెమెరా క్లబ్బుల్లో నేర్పేది, పోటీల్లో బహుమతులొచ్చేది, క్యాలెండర్ల మీద అచ్చయ్యేది అదే. తెల్లారుజామున వెళ్ళాలి, ఎందుకంటే అప్పుడు వెలుతురు మెత్తగా ఉంటుంది, జనం ఉండరు. కింది నించి పైకి చూస్తూ తియ్యాలి, ఎందుకంటే అప్పుడు కట్టడం ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది, తోపుడుబండ్లు, చెత్తకుండీ, కరెంటు తీగలు ఫ్రేము కిందికి జారిపోతాయి. ఎవరన్నా నడిచొస్తుంటే పోయేదాకా ఆగాలి. "మనిషి అడ్డమొచ్చాడు, ఫోటో పాడైంది" అంటారు. ఈ 'అడ్డం' అనే మాట మమ్మల్ని చాలాసేపు ఆపింది. మన వాడల్లోని పెద్దలు చిన్నప్పటి నించీ విన్న మాట గదా అది. దారికి అడ్డం, నీళ్ళకి అడ్డం, గుడికి అడ్డం. ఇప్పుడు ఫోటోకి అడ్డం.

ఈ ఖాళీతనం మొదట్లో యంత్రం లోపం వల్ల వచ్చింది. 1838లో డాగెర్ అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని తన కిటికీలోంచి ఫోటో తీశాడు. ఆ వీధిలో బండ్లు, గుర్రాలు, జనం తిరుగుతూనే ఉన్నారు. కాని పలక మీద బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలు పట్టేది. కదిలినవాళ్ళెవరూ పడలేదు. మేడలు పడ్డాయి, చెట్లు పడ్డాయి, మనుషులంతా మాయమయ్యారు. ఒక్క మూల మాత్రం ఒకడు కాలు ఎత్తి పెట్టి బూటు పాలిష్ చేయించుకుంటున్నాడు. అతను కదలకుండా నిలబడ్డాడు కాబట్టి ఫోటోలో మిగిలాడు. మనిషి కనిపించే తొలి ఫోటోగా దాన్ని చెప్తారు. చరిత్ర పుస్తకాలు ఎక్కువగా మాట్లాడేది ఆ నిలబడ్డవాడి గురించే. అతని కాళ్ళ దగ్గర వంగి బూటు తుడుస్తున్నవాడు కూడా అక్కడే ఉన్నాడు, కాస్త మసగ్గా. చేతులు ఆడుతున్నాయి గదా మరి, పని చేసేవాడు మసకబారతాడు. వంగి చెప్పు తుడిచే పనికి మన దేశంలో కులం ఉంది, పారిస్‌లో అది లేదు. ఆ తేడా మాకు తెలుసు. అయినా ఫోటోగ్రఫీ పుట్టుకలోనే మేడ స్పష్టంగా, పనివాడు మసగ్గా పడటం మరిచిపోలేకపోతున్నాం.

మన దేశానికొస్తే, 1856లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని మద్రాసు ప్రభుత్వం తన ఫోటోగ్రాఫరుగా పెట్టుకుంది. తంజావూరు, మధుర గుళ్ళు తీశాడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు కూడా తీశాడు. ఆ శిల్పాలు 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి, గుంటూరు జిల్లా నేలలోంచి లేచిన బౌద్ధం. ఆ రాళ్ళని ఎవరు తవ్వారు, ఎవరు మోశారు, ఏ బండ్ల మీద మద్రాసుకి చేరాయి అని ఆ ఫోటోల్ని అడిగితే జవాబు రాదు. గోడకానించిన రాళ్ళే కనిపిస్తాయి. తర్వాత పురావస్తు శాఖ వాళ్ళ ఫోటోల్లో మనుషులు కనపడటం మొదలైంది. ఎందుకూ అంటే, స్తంభం ఎంత ఎత్తుందో చూసేవాడికి తెలియడానికి. పక్కన ఒక స్థానికుణ్ణి నిలబెట్టేవారు. అతనికి పేరుండదు. అతను కొలబద్ద.

అదే కాలంలో ఇంకో రకం ఫోటోలు కూడా వచ్చాయి. 1868 నించి 1875 దాకా 'పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. అందులో ఉన్నది మనుషులే, కట్టడాలు కావు. ఒక్కొక్కరి కింద కులం పేరు, తెగ పేరు, వాళ్ళ గుణాలు ఎట్లాంటివో వ్యాఖ్య. అంటే పంపకం ఇట్లా జరిగింది: చరిత్ర అంతా కట్టడానికి, కులం అంతా మనిషికి. కట్టడం ముందు నిలబడితే మనిషి కొలబద్ద, ఒంటరిగా నిలబడితే నమూనా. చరిత్ర ఉన్న మనిషిగా నిలబడే చోటు ఈ రెండింటి మధ్యా ఎక్కడుంది?

లాలా దీన్‌దయాళ్ సంగతి ఇంత సులువుగా తేలదు. రూర్కీ ఇంజినీరింగు కాలేజీలో చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరైన మనిషి. హైదరాబాదు నగరానికి కంటి ముందు ఒక రూపం పెట్టింది చాలా వరకు ఆయనే. ఆయన కాలానికి డ్రై ప్లేట్లు వచ్చాయి, కదిలేవాళ్ళు కూడా ఫోటోలో పడుతున్నారు. కాబట్టి ఫోటోలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది ఇక యంత్రం లోపం కాదు, తీసేవాడి ఇష్టం, తీయించేవాడి ఇష్టం. కొలువు ఫోటోలు తియ్యమంది నిజాం, జీతమిచ్చింది నిజాం. దీన్‌దయాళ్ పనితనాన్ని మేం తక్కువ చెయ్యం. ఆ రాతి గోడల మీద వెలుగు పడే తీరు చూస్తే ఇప్పటికీ కళ్ళు నిలబడిపోతాయి. కాని ఆయన ఆల్బమ్‌లనే "పాత హైదరాబాదు" అని ఈనాటికీ పుస్తకాలు వేస్తుంటే, ఆ పాత హైదరాబాదులో పాకీ పని చేసిన కుటుంబాలు, తోళ్ళు ఊనిన కుటుంబాలు ఎక్కడున్నాయని అడక్క తప్పదు.

ఇప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డుకి వద్దాం. ఈ దేశంలో ఒక్క ఫ్రేములో ఇన్ని గుర్తులు పట్టే చోటు ఇంకోటి ఉందో లేదో. నీళ్ళ మధ్యలో బుద్ధుడు. ఒక పక్క సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా, 2016 జూన్ 2న ఎగరేశారు. గుడ్డ కొలతలు 108 అడుగులకి 72 అడుగులు. ఇంకో పక్క 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం. విగ్రహం 125 అడుగులు, పాత పార్లమెంటు ఆకారంలో కట్టిన పీఠం 50 అడుగులు. దాని పక్కనే అదే నెల 30న ప్రారంభించిన సచివాలయం, ఎత్తు 265 అడుగులు, దానికీ అంబేద్కర్ పేరే. మంచి లెన్సుంటే నాలుగూ ఒకే ఫోటోలో పడతాయి. పడ్డ ఫోటోలు మేం చూశాం, చాలా బాగుంటాయి.

ఆ ఫోటోలో పడనివి చెప్పుకుందాం. బుద్ధుడి రాయి రాయగిరి కొండది. 1990 మార్చిలో పడవ మీద నీళ్ళలోకి తీసుకెళ్తుంటే ఒరిగి మునిగిపోయింది. విగ్రహంతో పాటు పనివాళ్ళు మునిగి చనిపోయారు. విగ్రహాన్ని నీళ్ళలోంచి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఈ సంగతి తెలిసి చూస్తే అభయముద్ర కాస్త వేరుగా కనిపిస్తుంది. జెండా ఎగిరే పార్కుకి పేరిచ్చిన దామోదరం సంజీవయ్య ఎవరు? కర్నూలు జిల్లా పెదపాడు మాల పిల్లాడు, 1960 జనవరి నించి 1962 మార్చి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. జెండా ఫోటో తియ్యడానికొచ్చిన కాలేజీ పిల్లల్ని అడిగి చూశాం. ముగ్గురిలో ఒకరికి తెలుసు. "పార్కు పేరు సార్" అని ఒకబ్బాయి నవ్వాడు. మేమూ నవ్వాం గాని ఏం నవ్వు అది?

సచివాలయం కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2020 జూలైలో పాత సచివాలయం కూల్చేటప్పుడు చుట్టూ దారులు మూశారు, విలేఖర్లని, కెమెరాల్ని దగ్గరికి రానివ్వలేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళాకనే ప్రభుత్వం పత్రికలవాళ్ళని తీసుకెళ్ళి చూపించింది. అదే స్థలంలో కొత్తది లేచాక అది రాష్ట్రానికి పోస్టుకార్డయింది. పడగొట్టేటప్పుడు కెమెరా నేరం, నిలబెట్టాక కెమెరా దేశభక్తి. మరి చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం కట్టడాన్నీ, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్నీ ఎవరైనా ఫోటో తియ్యొచ్చు, అచ్చు వెయ్యొచ్చు. రక్షిత కట్టడాల్లో ఫోటోలకి పురావస్తు శాఖ 2018లో దాదాపు అన్ని చోట్లా దారి వదిలింది, అజంతా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప. అయినా స్టాండు తెరిచి కెమెరా పెట్టగానే ఎక్కడ్నించో ఈల వినపడుతుంది. మమ్మల్ని ఒక కార్యాలయం గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. పక్కనే పెళ్ళి ఫోటోల వాళ్ళు గొడుగు లైట్లు పెట్టుకుని ధీమాగా తీసుకుంటున్నారు, వాళ్ళని ఎవరూ అడగలేదు. మా బట్టల్నీ మా మొహాల్నీ చూసి అడిగారా అంటే, రుజువు చెయ్యలేం. మనకెప్పుడూ రుజువు దగ్గరే వస్తుంది ఇబ్బంది.

జెండా సంగతి ఇంకొంచెం ఆగి చూడాలి. మేం చదువుకున్న బళ్ళలో 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీకి చూపిన జెండా గురించి చెప్పారు. 1947 జూన్‌లో రాజ్యాంగ సభ జెండా కోసం వేసిన కమిటీలో అంబేద్కర్ సభ్యుడని మాకెవరూ చెప్పలేదు. ఆ జూలై 22న ఆమోదించిన జెండాలో రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది. అది బాబాసాహెబ్ పట్టుదల వల్లే వచ్చిందని మన సభల్లో చెప్తుంటారు. ఆ వాదన జోలికి మేం పోవడం లేదు. ఆ కమిటీలో ఆయన కూర్చున్నాడన్నది మాత్రం రికార్డు. కాబట్టి "ఈ జెండా మనది కాదు" అని ఎవరన్నా తేలిగ్గా అంటే మేం ఒప్పుకోం. మన తగాదా దాని కింద ఎవరు నిలబడతారన్న దాని మీద.

2002లో కొత్త ఫ్లాగ్ కోడ్ వచ్చాక మామూలు జనం ఏడాది పొడుగునా జెండా ఎగరేసుకునే వీలొచ్చింది. 2021 డిసెంబరులో సవరణ చేసి చేనేత, ఖద్దరుతో పాటు మరమగ్గం మీద చేసిన పాలియెస్టరు జెండాకి కూడా అనుమతిచ్చారు. 2022 ఆగస్టులో ఇంటింటా జెండా అన్నారు, జెండాతో సెల్ఫీ దిగి పంపమన్నారు. కోట్ల ఇళ్ళు ఫోటో దిగాయి. పథకం పేరులోనే ఇల్లు ఉంది. ఇల్లు లేనోడు ఏ గుమ్మానికి కట్టాలె? పోరంబోకులో గుడిసె వేసుకున్నోడు, పట్టా కోసం పదేళ్ళ నించి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నోడు జెండా కట్టి ఫోటో దిగితే, ఆ ఫోటో రేపు అతని ఇంటికి రుజువవుతుందా? ఖద్దరు నేసే చేతుల్లోంచి పని పాలియెస్టరు యంత్రం దగ్గరికి పోయిన సంగతి సెల్ఫీలో ఎక్కడ కనిపిస్తుంది?

ఇంతా చెప్పి, జెండా ఫోటో ఉత్త భ్రమ అని తేల్చేస్తే మేం మళ్ళీ తప్పులో పడతాం. మన దగ్గర ఆ ఫోటోకి వేరే పని ఉంది. 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చాక రిజర్వేషనుతో దళితులు సర్పంచులయ్యారు. ఆగస్టు 15న పంచాయతీ ఆఫీసు ముందర తాడు ఎవరి చేతిలో ఉందన్నది ఊళ్ళో చాలా పెద్ద విషయం. 2020లో తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని జెండా ఎగరెయ్యనివ్వలేదు. గొడవయ్యాక కలెక్టరు వచ్చి ఆమె చేత ఎగరేయించారు. 2022 ఆగస్టులో ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, దళిత అధ్యక్షులు జెండా ఎగరేసేటప్పుడు వివక్ష లేకుండా చూడాలని కలెక్టర్లకి ఉత్తరం రాయాల్సొచ్చింది. స్వాతంత్ర్యమొచ్చి డెబ్బై ఐదేళ్ళు నిండిన నెలలో ఆ ఉత్తరం. ఇట్లాంటి చోట సర్పంచి తాడు లాగుతున్న ఫోటో ఒక సాక్ష్యం. దానికి వెలుతురు బాగా పడక్కర్లేదు, జెండా మొత్తం కనపడక్కర్లేదు. చెయ్యి కనపడాలి.

కాబట్టి విద్యార్థులకి ఒక చదువు చెప్తున్నాం. మీ ఊరి జెండా పండగ ఫోటో దొరికితే జెండాని చూడకండి. తాడు ఎవరి చేతిలో ఉందో చూడండి. కుర్చీలు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎవరు కూచున్నారు, సర్పంచి ఎక్కడ నిలబడింది, ఆమె భర్త ఎక్కడున్నాడు, ఉపసర్పంచి ఎక్కడున్నాడు, మాదిగ డప్పు ఏ మూలనుందో చూడండి. ఆ ఒక్క ఫోటోలో ఊరంతా ఉంటుంది.

కట్టడాలకీ ఇదే లెక్క. 'చారిత్రక కట్టడం' అనే బిరుదు ఎవరిస్తారు? భీమా కోరేగావ్ స్తంభం ఇంగ్లీషు వాళ్ళు తమ గెలుపు కోసం కట్టుకున్నది, 1818 జనవరి 1 నాటి యుద్ధానికి. దాని మీద చచ్చిపోయిన మహర్ సిపాయిల పేర్లున్నాయి. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికెళ్ళి నిలబడ్డాకే అది మనకి చారిత్రక కట్టడమైంది. ఆ రోజు ఆయన తోటివాళ్ళతో కలిసి స్తంభం దగ్గర దిగిన ఫోటో మన ఇళ్ళలో తిరుగుతూనే ఉంది. స్తంభం అందులో వెనక్కి పోయింది, మనుషులు ముందుకొచ్చారు.

మన దగ్గర చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న చంపి కాలవలో పడేసిన వాళ్ళని ఊరి మధ్యలోనే పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తీర్పు పోయింది, రక్తక్షేత్రం మిగిలింది. ఏ పర్యాటక శాఖ పుస్తకంలోనూ దాని ఫోటో మాకు కనపడలేదు. కనపడాలని అడుగుతున్నామా అంటే, అక్కడా మాలో రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు అడగాలంటారు. మిగతావాళ్ళు అక్కడ కూడా గొడుగు లైట్ల వాళ్ళు రావడం మనకవసరమా అంటారు.

ఇక విగ్రహం ఎత్తు. 175 అడుగుల దాన్ని ఫోనులో మొత్తం పట్టించాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి, అప్పుడు ముందు నిలబడ్డ మనిషి చీమంత అవుతాడు. మనిషి మొహం కనపడాలంటే దగ్గరికి రావాలి, అప్పుడు వెనక పీఠం గోడే వస్తుంది, బాబాసాహెబ్ రాడు. అందుకే ఏప్రిల్ 14న అక్కడ చూడండి, ఫోటో తీసేవాళ్ళు రోడ్డు మీద వెల్లకిలా పడుకుని తీస్తుంటారు. విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించింది పీఠంతో కలిపి 206 అడుగులు, అక్కడా ఇదే అవస్థ. వాడలో సిమెంటు విగ్రహం అట్లా కాదు. నీలం కోటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు, మనిషంత ఎత్తు. పక్కన పెళ్ళికూతురు నిలబడితే ఇద్దరూ సమానంగా ఫోటోలో పడతారు. తమిళనాట చాలాచోట్ల ఆ విగ్రహానికి ఇనప పంజరం కడతారు, ఎవరూ పగలగొట్టకుండా. అప్పుడు కూడా ఊచల పక్కన నిలబడి ఫోటో దిగుతారు. పెద్ద విగ్రహం వద్దని మేం అనడం లేదు. ప్రభుత్వాలు మనకి ఎత్తు ఇచ్చి దగ్గరితనం తీసుకున్నాయని అంటున్నాం.

ఈ మాటలన్నీ మాట్లాడుకుని, సరే, ఈసారి కట్టడం కాదు, దాని ముందర ఊడ్చేవాళ్ళని తీద్దామని ఒక తెల్లారుజామున మళ్ళీ వెళ్ళాం. విగ్రహానికి ఎదురు రోడ్డు మీద నలుగురు ఆడవాళ్ళు ఊడుస్తున్నారు. కెమెరా ఎత్తగానే అందులో పెద్దామె చెయ్యి అడ్డం పెట్టింది.

"గిట్ల తియ్యకుండ్రి సారూ."

మా సిద్ధాంతం ఆమెకి చెప్పబోయాం. మిమ్మల్ని ఎవరూ తియ్యరమ్మా, అందుకే వచ్చాం అన్నాం. ఆమె నవ్వింది. "ఎందుకు తియ్యరు? అక్టోబర్ల గాంధీ జయంతికి పెద్ద పెద్దోళ్ళు చీపుర్లు పట్టుకొని మా పక్కన నిలబడి దిగుతరు. చీపురుతోని ఫోటోలు మస్తుగున్నయ్. తీస్తే పద్నాలుగో తారీఖు నాడు తియ్యుండ్రి. మంచి చీర కట్టుకొని మనవరాలిని తీస్కొనొస్త. యెన్క బాబాసాహెబ్ కనపడాలె, పైన జెండా కనపడాలె."

మేం కొట్టిపారేసిన ఫోటోనే ఆమె అడుగుతోంది. జెండా, కట్టడం, నీలి ఆకాశం. తేడా ఒక్కటే, మధ్యలో తను ఉండాలి, చీపురు ఉండకూడదు. చీపురు కట్ట కొస దొరికిందని సంబరపడి దాన్నే అట్ట మీద వేద్దామనుకున్న మాకు ఏం చెప్పాలో తెలియలేదు. ముంబైలో సుధారక్ ఓల్వే పారిశుద్ధ్య కార్మికుల్ని ఏళ్ళ తరబడి తీశాడు, వాళ్ళతో తిరిగి, వాళ్ళ ఇళ్ళకెళ్ళి తీశాడు. ఆ ఫోటోలు చూసే మేం ధైర్యం చేశాం. ఆయన గడిపిన ఏళ్ళని మాత్రం మేం ఒక్క తెల్లారుజాముకి కుదించాం.

ఏప్రిల్ 14న ఆమె వచ్చింది. మనవరాలికి నీలం గౌను తొడిగింది. రోడ్డు జనంతో కిక్కిరిసింది, నీలి జెండాలు, టోపీలు, డప్పులు. బాబాసాహెబ్, జెండా రెండూ పట్టించడానికి మాలో ఒకరు రోడ్డు మీద పడుకున్నారు. మొదటి మూడింటిలో ఎవరో ఒకరు అడ్డమొచ్చారు. నాలుగోదాంట్లో కూడా ఒక పిల్లాడు నీలి జెండా ఊపుతూ వచ్చి పడ్డాడు. ఫోనులో చూపిస్తే, "వాణ్ణి ఉండనీయుండ్రి, మంచిగున్నడు" అంది. అట్ట మీద వెయ్యొచ్చా అని అడిగితే పుస్తకం చూపించమంది. పాత సంచిక ఒకటి తిరగేసి, చదవడం రాదు గాని కాగితం మంచిదే అని, కాపీలు నాలుగు కావాలంది. ఒకటి ఇంట్లో గోడకి, ఒకటి జనగామలో ఉన్న చెల్లెలికి, ఒకటి మనవరాలి బడికి. నాలుగోది ఎవరికని అడిగితే సూపర్‌వైజరుకంది.